తలాపుకు పాత తలుపు

(హన్మకొండలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకూ, వడ్రంగం నేర్చుకుంటున్న కుర్రవాళ్లకూ కలిపి ఏర్పాటు చేసిన సాయంత్రం కార్యక్రమంలో ఒక వడ్రంగి మాట్లాడిన మాటలు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలూ, గోడకు ఆనకండి. అక్కడ పెట్టిన పలకల మీద పాలిష్ ఇంకా ఆరలేదు.

ఈ మధ్య మా వర్క్‌షాప్‌కు వచ్చేవాళ్లు చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు. "అన్నా, ఊళ్లో మా తాత ఇల్లు విప్పుతున్నం, మంచి టేకు ఉంది, దాంతో మంచం చేసిస్తవా?" నర్సంపేట, పరకాల, ములుగు, జనగామ, ఎటువైపు చూసినా పెంకుటిళ్లు విప్పి స్లాబులు వేసుకుంటున్నారు. కర్రంతా మూలకు కుప్ప పడుతుంది. పొయ్యిలోకి పోకుండా ఎవరో ఒకరు అడుగుతున్నారంటే నాకు సంతోషమే. కానీ మంచం మొత్తం దాంతో వద్దని చెబుతాను. కాళ్లూ, పక్క పట్టీలూ కొత్త కర్రతో చేయించుకోండి, పాత కర్ర తలాపున నిలబెట్టే పలకకు, అదే హెడ్‌బోర్డుకు పెట్టండి అంటాను.

ఎందుకంటే మంచం పట్టీ ఇద్దరు మనుషుల బరువు మోయాలి. పాత దూలంలో ఎక్కడో పాత బెజ్జం ఉంటుంది, లోపల తుప్పుపట్టిన మేకు ఉంటుంది, ఒక కొన పుచ్చి ఉంటుంది. పట్టీగా కోస్తే సరిగ్గా అక్కడే విరుగుతుంది. హెడ్‌బోర్డుకు ఆ బాధ లేదు. వీపు ఆనించుకుంటే చాలు, అదే దాని పని. బెజ్జాలున్నా, మేకు గుర్తులున్నా, ఒక పక్క కొంచెం తరిగినా నష్టం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పలక మీ ముక్కుకు ఒక అడుగు దూరంలో రాత్రంతా ఉంటుంది. అందుకని బలం విషయంలో ఎంత చూసీచూడనట్టు పోవచ్చో, శుభ్రం విషయంలో అంత పట్టుదలగా ఉండాలి. నేనీ రోజు చెప్పేదంతా ఈ రెంటి చుట్టే.

ముందు కర్ర సంగతి. మన పాత ఇళ్లలో దర్వాజలూ తలుపులూ ఎక్కువగా టేకువే. ఏటూరునాగారం, మహదేవ్‌పూర్, మంచిర్యాల, ఆదిలాబాద్ అడవులు పక్కనే ఉన్నాయి కదా, ఉన్నంతలో ఉన్నవాళ్లు ఇంటి ముఖానికి టేకు పెట్టుకున్నారు. దూలాలకు నల్లమద్ది, ఏగిస, ఒక్కోచోట ఇప్ప. లేనివాళ్ల ఇళ్లలో వేప, తుమ్మ, తాటి. పొగచూరి అన్నీ ఒకేలా నల్లగా కనిపిస్తాయి. ఒక మూల రందాతో, అంటే చిత్రికతో, రెండు సార్లు తోయండి, అసలు రంగు బయటపడుతుంది. టేకైతే బంగారు ఛాయ, తోలు వాసనలాంటి వాసన, చేతికి కొంచెం జిడ్డు. నల్లమద్ది ముదురు రంగులో బరువుగా ఉంటుంది, ఎత్తితేనే తెలిసిపోతుంది.

ఏగిస దగ్గర జాగ్రత్త. మంచి కర్రే, గట్టిదే. కానీ తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ పసుపుపచ్చగా అవుతుంది. తెల్ల దిండు గలీబులు వేసుకునే ఇంట్లో దాన్ని తలాపున పెడితే ఆ ఇంటి ఆడవాళ్లు మిమ్మల్నేమంటారో నేను చెప్పక్కర్లేదు. బాగా సీల్ చేస్తేనే వాడండి, లేదంటే కనపడని వెనక పట్టీలకు వాడండి. తాటి అసలే వద్దు. దాని నల్లటి నార ఎంత తోమినా సూదుల్లా పైకి లేస్తుంది, తల ఆనించే చోటికి పనికిరాదు.

మరికొన్ని కర్రలు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. మనకు పక్కనే కాజీపేట జంక్షన్ ఉంది, ఎవరో ఒకరి దగ్గర పాత రైలు స్లీపర్లు దొరుకుతాయి. చూడ్డానికి చాలా బాగుంటాయి, ఫొటోల్లో ఇంకా బాగుంటాయి. పుచ్చకుండా వాటికి క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవాళ్లు. అది లోపలికంటా దిగి ఉంటుంది, పైపైన చిత్రిక పడితే పోదు, ఎండాకాలం మళ్లీ వాసన కొడుతుంది. ఒంటికి మంచిది కాదు. బయట తోటలో కూడా కూర్చునే చోట వద్దంటాను, పడకగదిలోకి తెస్తామంటే ఎట్లా?

అట్లాంటిదే మన ఇళ్లలో ఇంకోటుంది. చెదలు పట్టకుండా దూలాలకు కాలిన ఇంజిన్ ఆయిల్ పూయడం. ట్రాక్టర్ సర్వీసింగ్ అయ్యాక మిగిలిందాన్ని పారబొయ్యకుండా దూలానికి పూస్తారు. కొందరు గమాక్సిన్ అనే పురుగుమందు పొడి కూడా చల్లారు. కాబట్టి ఇల్లు విప్పేటప్పుడే ఇంటి పెద్దమనిషిని అడగండి, దీనికేమన్నా పూసిన్రా అని. పూశామంటే ఆ దూలాన్ని హెడ్‌బోర్డు లెక్కలోంచి తీసేయండి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ప్యాలెట్ల మీద, అంటే సరుకు పెట్టి పంపే చెక్క చట్రాల మీద, ఒక ముద్ర ఉంటుంది. హెచ్.టి. అని ఉంటే వేడి చేసి పురుగు చంపారని అర్థం, అది వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రొమైడ్ అనే విషవాయువు పట్టించారని. అది మనకొద్దు. ఏ ముద్రా లేనిదాన్ని కూడా నేను ముట్టను. ఇంతకీ ఆ ప్యాలెట్లు ఎక్కువగా పైన్ కర్రవి, చెదలకు మహా ఇష్టం.

గడప కూడా వాడొద్దనే నా సలహా. సెంటిమెంట్ ఒకటుంది సరే, అది మీ ఇష్టం. నా కారణం వేరే. ఏళ్ల తరబడి పసుపూ నూనే రాసి ఉంటారు, పాలిష్ పట్టదు. నడుమ కాళ్ల కింద అరిగి ఉంటుంది. కింది వైపు మట్టిలో ఉండి మెత్తబడి ఉంటుంది.

ఇంక మిగిలింది తలుపు రెక్కలు. నన్నడిగితే హెడ్‌బోర్డుకు వాటికి మించింది లేదు. కొలత చూడండి. పాత జోడు రెక్కల తలుపులో ఒక్కో రెక్క ఆరడుగుల ఎత్తు, అడుగున్నర నుంచి రెండడుగుల వెడల్పు ఉంటుంది. రెండింటినీ అడ్డంగా పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఆరడుగుల పొడవు, మూడు నుంచి నాలుగు అడుగుల ఎత్తు వచ్చేస్తుంది. కింగ్ సైజు మంచం ఆరడుగులే కదా. క్వీన్ సైజు అయిదడుగులది. అప్పుడు కూడా రెక్కను కోయొద్దంటాను. అటో ఆరంగుళాలు, ఇటో ఆరంగుళాలు మంచం దాటి ఉండనివ్వండి, పక్కన పెట్టుకునే చిన్న బల్లల వెనకకు వెళ్తుంది. కోస్తే కింది అడ్డపట్టీ పోతుంది, రెక్క బిగువంతా దాంట్లోనే ఉంది. మళ్లీ కొత్త పట్టీ చేసి బెజ్జాలు కొట్టి కూర్చోబెట్టాలంటే కొత్త తలుపు చేసినంత పని. ఇక ఊళ్లో శిల్పం చెక్కిన దర్వాజ ఉందనుకోండి, దాన్ని రంపం కిందికి తేకండి. అట్లాగే పెట్టుకోండి, లేదా అట్లాగే అమ్ముకోండి.

రెక్కను ఒకసారి దగ్గరగా చూడండి. ఇదిగో, ఇక్కడ తెచ్చిపెట్టాను. చుట్టూ మందపాటి పట్టీలు, నడుమ పలక. పలక అంచు పట్టీలోని గాడిలో దిగి ఉంది. దానికి మేకు లేదు, సరేసు జిగురు లేదు. చేత్తో ఊపండి, కొంచెం కదులుతుంది. విన్నారా, టకటక అంటోంది. చాలామంది దీన్ని చూసి వదులైపోయిందనుకుంటారు. గాడి నిండా ఫెవికాల్ పోసి బిగిస్తారు, వచ్చే ఎండాకాలానికి పలక నడుమ నిలువునా పగులు వస్తుంది. కర్ర పొడవులో పెద్దగా మారదు. అడ్డంలో మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. మన మే నెల ఎండకూ జులై ముసురుకూ మధ్య అడుగు వెడల్పు టేకు పలక ఒకటి రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. దానికి చోటు కావాలని తెలిసే ఆ వడ్లాయన గాడిలో వదులుంచాడు. అన్ని వానాకాలాలు చూసిన పలక ఈ రోజుకూ పగలకుండా ఉందంటే ఆ వదులు వల్లే. పట్టీల మూలలు చూడండి, అక్కడ మాత్రం వెదురు మేకు దిగ్గొట్టి కదలకుండా బిగించాడు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో రెండూ ఇదే రెక్కలో ఉన్నాయి. వెనకున్న పిల్లలు సభ అయ్యాక వచ్చి దీన్ని ముట్టుకుని చూసి పోండి. నేను ఎంత చెప్పినా అంత తెలియదు.

దూలాలు కోయించి పలకలుగా అతికించేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పలకల వెనక అడ్డపట్టీలు వేస్తారు కదా, నడిమి స్క్రూ గట్టిగా బిగించండి, అటూ ఇటూ ఉన్న స్క్రూలకు మాత్రం కొంచెం కోలగా బెజ్జం వేయండి. పలక కదిలితే స్క్రూ దాంట్లో జరుగుతుంది. ఇంకోటి, పెంకుటింట్లో ఇన్నేళ్లూ ఉన్న కర్ర ఇప్పుడు ఏసీ గదిలోకి పోతోంది. ఏసీ గాలి పొడిగా ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ఒక రెండు వారాలు కర్రను అదే గదిలో పడుకోబెట్టండి.

ఇప్పుడు శుభ్రం. దీనికి పట్టే టైమే ఎక్కువ, దీనికి డబ్బులివ్వడానికి మాత్రం ఎవరికీ మనసొప్పదు.

మేకులు ముందు. పాత తలుపుల్లో మేకును అవతలికి దింపి కొన వంచేస్తారు. ఆ కొనను ముందు నిలబెట్టాలి, వెనకనుంచి సుత్తెతో మెల్లగా కొట్టి తల పైకి లేపాలి, అప్పుడు లాగాలి. లాగేటప్పుడు సుత్తె కింద ఒక చెక్కముక్క పెట్టండి, లేకుంటే పలక మీద గుంట పడుతుంది. తుప్పుపట్టి కదలని మేకును లాగే ముందు లోపలికి ఒక దెబ్బ కొట్టండి, తుప్పు పట్టు వదులుతుంది. అన్నీ తీశామనుకున్నాక ఒక పాత స్పీకర్ అయస్కాంతం తీసుకుని పలకంతా తిప్పండి. లోపల విరిగిన మేకుంటే అక్కడ అతుక్కుంటుంది. ఇత్తడి మేకులు అయస్కాంతానికి దొరకవు, వాటికి మీ కళ్లే దిక్కు. కోత మిషన్ వాళ్లు పాత కర్రంటే ముఖం చిట్లించేది ఇందుకే. ఒక్క మేకు తగిలితే బ్లేడ్ పళ్లు పోతాయి, ముక్క ఎగిరి మనిషికి తగలొచ్చు. మేకు చుట్టూ నల్లటి మచ్చ ఉంటుంది, ఇనుమూ కర్రలోని వగరూ కలిసి వచ్చేది. నాకది అందంగానే ఉంటుంది, ఉంచేస్తాను. వద్దనుకునేవాళ్లు ఆక్సాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో తుడిస్తే తేలికపడుతుంది. అది విషం, గ్లవ్స్ వేసుకుని చేయండి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి.

తర్వాత పెయింటు. దీని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మన పాత తలుపులకు ఆకుపచ్చ, నీలం ఆయిల్ పెయింట్లు పొర మీద పొర వేసి ఉంటాయి. అప్పటి పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని రూల్ వచ్చిందే 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. కాబట్టి అంతకుముందు వేసిన ఏ పెయింటునైనా సీసం ఉన్నట్టే చూడండి. సీసం చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది, అది కూడా కొంచెం కొంచెంగా, పైకి తెలియకుండా. మిషన్ పెట్టి పొడిగా శాండింగ్ చేస్తే ఆ దుమ్మంతా గాల్లోకి లేస్తుంది. బ్లో టార్చ్‌తో కాలిస్తే ఆవిరై ఇంకా లోపలికి పోతుంది. రెండూ చేయొద్దు. పెయింట్ రిమూవర్ పూసి మెత్తబడ్డాక గీకండి, లేదా తడి చేసుకుంటూ గీకండి. ఆరుబయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ముక్కుకు మంచి మాస్క్ పెట్టుకుని. చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు. గీకిన పొట్టును పెరట్లో పారబోయకండి, మూటకట్టి విడిగా పడేయండి. ఆ రోజు వేసుకున్న బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. గర్భిణులూ పిల్లలూ ఆ చుట్టుపక్కలకు రావొద్దు. నేను ఇంత చెప్పినా మా షాపులోనే "ఏం కాదన్నా, ఎన్నేళ్ల నుంచి గీకుతున్నం" అనే మొండివాళ్లున్నారు. వాళ్లు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా.

పురుగు సంగతి చూద్దాం. టేకులో చేవ భాగాన్ని, అంటే నడిమి గట్టి కర్రను, పురుగు దాదాపు ముట్టదు. అంచున ఉన్న తెల్లచెక్కను తింటుంది. చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తే కంగారు వద్దు, పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. పలకను నల్ల కాగితం మీద పెట్టి తట్టి, పడ్డ పొడిని తుడిచేసి అట్లాగే వదిలేయండి. కొన్ని వారాల తర్వాత కాగితం మీద మైదాపిండిలాంటి కొత్త పొడి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. తెల్లచెక్క మొత్తం చెక్కేయండి, మిగిలినదానికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించండి. పూత లేని ఉట్టి చెక్కకే అది ఇంకుతుంది, పాలిష్ అయ్యాక పూస్తే దండగ.

ఇదంతా చేస్తూ పలకను కొత్తదానిలా మెరిపించాలని చూడకండి. మొన్న పరకాల వైపు నుంచి ఒకామె వంటింటి తలుపు తెచ్చింది. లోపలి వైపు బొగ్గుతో పాల లెక్క గీతలు, నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీత చొప్పున. వాళ్ల అత్తగారు గీసినవట. ఆ వైపు ఉట్టి చెక్కే, పెయింటు లేదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, చంద్రస్ అనే పాలిష్‌ను పలుచగా స్ప్రే చేసి గీతలు నిలిపాం. గుడ్డతో పూస్తే చెరిగిపోయేవి. అట్లాంటిది మీ తలుపు మీద ఉందేమో శాండ్‌పేపర్ పట్టే ముందే చూసుకోండి. శాండ్‌పేపర్ 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180 దాకా చాలు. తల ఆనే చోట మాత్రం 220 వేయండి. వెంట్రుకలు చిక్కకూడదు.

అదే చోట గొళ్లెం, ఇనుప బుడిపెలు ఉంటే తీసి పైకో పక్కకో మార్చండి. నిద్రమత్తులో తల తగిలితే తెలుస్తుంది.

అతికించాల్సి వస్తే ఒక మాట. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. కొత్తగా రందా పట్టి, థిన్నర్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు పెట్టండి. రేపు పెడదామంటే నూనె మళ్లీ పైకి వస్తుంది.

పాలిష్ ఏది అని అడుగుతారు. చంద్రస్‌ను స్పిరిట్‌లో కరిగించి పూసే పాత పాలిష్ నాకిష్టం. తొందరగా ఆరుతుంది, వాసన నిలవదు, పాడైతే అక్కడికక్కడ మళ్లీ పూసుకోవచ్చు. తడి తగిలితే మాత్రం తెల్ల మచ్చ వస్తుంది. మైనం పాలిష్ అసలు వద్దు. మనం తలకు కొబ్బరినూనె పెట్టుకునే మనుషులం, నూనె, మైనం, దుమ్ము కలిసి ఆర్నెల్లకు జిగటగా తయారవుతుంది. తల ఆనే చోట మ్యాట్ పీయూ, అంటే మెరుపు లేని పాలీయురేథేన్ పూత, వేసి, మిగతాచోట చంద్రస్ వేస్తే సరిపోతుంది. పీయూ వేశాక వాసన పూర్తిగా పోయేదాకా పడకగదిలోకి తేకండి. అవిసెనూనె పూసేవాళ్లు తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి.

బిగించడం తేలికే. రెండు టేకు రెక్కలు కలిపి నలభై యాభై కిలోలు వస్తాయి. ఆ బరువు గోడ మీద వేయొద్దు, వెనక రెండు నిలువు కాళ్లు ఇచ్చి నేల మీద నిలబెట్టండి. గోడకు రెండు క్లాంపులు పడిపోకుండా పట్టుకోవడానికే. ఈ మధ్య కట్టే తేలిక బ్లాకుల గోడలకు స్క్రూకు పట్టు కోసం గోడలో దింపే మామూలు రాల్‌ప్లగ్ నిలవదు, దానికి వేరే యాంకర్లు అడగండి. గోడకూ పలకకూ మధ్య అరంగుళం గాలి ఆడనివ్వండి. ఎత్తు నేల నుంచి నాలుగడుగులుంటే కూర్చున్నప్పుడు తల దాకా ఆసరా ఉంటుంది. పైన కొంచెం వెనక్కి వాలితే హాయి. నిటారుగానే ఉంటే మన వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ, అదే జంపఖానా, ఒకటి మడిచి దిండుకు గలీబుగా కుట్టించుకోండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే ఫలానా ఊరిదని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంట్లోకి తెచ్చుకోవడానికి మాత్రం మనకు గుర్తురాదు.

ఇంక మీరడగండి.

(తల ఏ దిక్కుకు ఉండాలని ఒక పెద్దాయన అడిగారు.)

దిక్కు సంగతి మీ ఇంటి పెద్దలు చెబుతారు బాపూ. దక్షిణమో తూర్పో అంటారు. నేను అడిగేది ఆ గోడ అవతల ఏముందని. బాత్‌రూమ్ ఉంటే చెమ్మ వస్తుంది, చెమ్మ వెంట చెదలు వస్తాయి. అట్లాంటి గోడైతే ముందు ఆ లీకేజీ బాగుచేయించండి.

(పాత కర్ర షాపులో కొనొచ్చా, ధర ఎట్లా కడతారని ఒకమ్మాయి అడిగింది.)

కొనొచ్చమ్మా. తలుపులు గుత్తగా ఇస్తారు, దూలాలు సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల లెక్కన. పదడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉంటే ఒకటీ ముప్పావుకు కొంచెం తక్కువ సీఎఫ్‌టీ. కానీ పుచ్చిన కొనలు, బెజ్జాలు తీసేశాక ఎంత మిగులుతుందో చూసి ఆ మిగిలేదానికే ధర మాట్లాడు. వాళ్లు ఒప్పుకోరు. అయినా అడుగు.

(ఊరి నుంచి కర్ర తేవడానికి పర్మిషన్ కావాలా అని చివరి ప్రశ్న.)

టేకు బండిలో పోతుంటే చెక్‌పోస్టులో ఆపుతారు. అది తాత ఇంటిదో, నిన్న అడవిలో కొట్టిందో వాళ్లకెట్లా తెలుస్తుంది? ఇల్లు విప్పకముందే తలుపులూ దూలాలూ కనపడేట్టు ఫొటోలు తీసుకోండి. గ్రామపంచాయతీ నుంచి ఇల్లు మీదేనన్న కాగితం పెట్టుకోండి. అవి తీసుకుని మీ అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి ఏం పర్మిట్ కావాలో అడిగి, చేతికి కాగితం వచ్చాకే ఆటో మాట్లాడండి.